సోమిద చెట్టు సొయ్‌మిడా ఎలా అయింది? తెలుగు పేరును ఎడిన్‌బరో దాకా మోసుకెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ కథ

పెద్ద ఇంగ్లిష్ నిఘంటువుల్లో అరుదుగా కనిపించే ఒక చెట్టు పేరు ఉంది. అది సొయ్‌మిడా. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారిలో కూడా ఈ మాట విన్నవారు బహు తక్కువ. లాటిన్ మాటనో, గ్రీకు మాటనో అనిపించే ఈ పేరు నిజానికి తెలుగుది. తూర్పు కనుమల్లో పెరిగే సోమిద చెట్టు పేరే అక్షరాలు కొంచెం అటూ ఇటూ అయి, 1790లలో సామర్లకోట నుంచి ఓడ ఎక్కి, ఎడిన్‌బరోలో ఒక వైద్య పరిశోధన గ్రంథానికి శీర్షికగా మారింది. ఆపై పారిస్‌లో ఒక వృక్ష ప్రజాతికి శాశ్వత నామమైంది. ఉత్తర భారతంలో ఇదే చెట్టుకున్న రోహన్ అనే పేరు కూడా ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి చేరింది గానీ, శాస్త్రం స్వీకరించింది మాత్రం తెలుగు పేరునే.

ఈ ప్రయాణానికి కారకుడు విలియం రాక్స్‌బర్గ్. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని చరిత్రకారులు పిలిచే ఈ స్కాట్లండ్ వైద్యుడు తన జీవితంలో పన్నెండేళ్లు గోదావరి డెల్టా అంచున గడిపారు. కలకత్తా తోటతోనే ఆయన పేరు ముడిపడి ఉండటం వల్ల సామర్లకోట సంవత్సరాలను చాలామంది ఒక ఉపోద్ఘాతంగా దాటేస్తుంటారు. నిజానికి ఆయన శాస్త్రజ్ఞుడిగా రూపుదిద్దుకున్నది ఇక్కడే.

ఓడ వైద్యుడి నుంచి సామర్లకోట దొర దాకా

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో క్రెయిగీ అనే చోట పుట్టారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతూ జాన్ హోప్ వద్ద వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ రూపొందించిన రెండు మాటల నామకరణ పద్ధతిని బ్రిటన్‌లో శ్రద్ధగా బోధించిన తొలి ఆచార్యుల్లో హోప్ ఒకరు. ఆ రోజుల్లో మందుల్లో చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి మొక్కను గుర్తుపట్టలేని వైద్యుడికి వైద్యం రానట్టే లెక్క. హోప్ శిష్యుల్లో చాలామంది ఈస్టిండియా కంపెనీ కొలువుల్లో చేరి ప్రపంచమంతటి నుంచీ ఎడిన్‌బరోకు విత్తనాలు పంపేవారు.

రాక్స్‌బర్గ్ కూడా కంపెనీ ఓడల్లో సహాయ వైద్యుడిగా పనిచేసి, 1776లో మద్రాసు కొలువులో చేరారు. సెయింట్ జార్జి కోటలో ఉండగా గాలి, వాన, వేడిమి, వాయుపీడనాల లెక్కలను రోజుకు పలుమార్లు రాసుకునే అలవాటు చేసుకున్నారు. ఆ పట్టికలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. వాన లెక్కలు రాసే ఈ అలవాటు తరువాత ఒక ఘోర కరవు కాలంలో ఎంత పనికివచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

1781లో ఆయనకు సామర్లకోటకు బదిలీ అయింది. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి రెండు దశాబ్దాలు కూడా కాలేదు. సామర్లకోటలో చిన్న సైనిక శిబిరం, చుట్టూ పెద్దాపురం, పిఠాపురం జమీందారీలు, ఉత్తరాన రాజమండ్రి సర్కారు కొండలు ఉండేవి. సైనికుల జ్వరాలు చూడటం వైద్యుడి బాధ్యత. మిగిలిన సమయం ఆయనదే. ఆ సమయంలో ఆయన తోట వేశారు. మిరియాలు, కాఫీ, దాల్చిన చెక్క, నీలిమందు మొక్క, సీమ పనస, మల్బరీ, చెరకు అన్నీ అక్కడ ప్రయోగానికి వచ్చాయి. ఉత్తరాన కొండల్లో అడవి మిరియాల తీగ ఉందని తెలిసి దాన్ని తెప్పించి నాటారు. కంపెనీకి మలబారు వర్తకుల మీద ఆధారపడకుండా మిరియాలు పండించుకునే మార్గం చూపాలన్నది ఆయన ఆశ. ఆ రోజుల్లో కంపెనీ వైద్యులు సొంత వ్యాపారం చేసుకోవడం మామూలే, రాక్స్‌బర్గ్ కూడా అందుకు మినహాయింపు కారు. ఆయన మొక్కల ప్రేమలో శాస్త్రం ఎంత, లాభం ఎంత అని విడదీయడం కష్టం. ఆయన దృష్టిలో అవి రెండు వేర్వేరు సంగతులు కాకపోవచ్చు.

జగన్నాథపురంలో ఒక గురువు మరణం

సామర్లకోటలో రాక్స్‌బర్గ్‌కు దారి చూపిన వ్యక్తి యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లినేయస్ వద్ద స్వయంగా చదువుకున్న ఈ బాల్టిక్ ప్రాంత వైద్యుడు 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వచ్చి, ఆర్కాటు నవాబు వద్ద కొంతకాలం ఉండి, చివరకు ఈస్టిండియా కంపెనీ మద్రాసు వృక్షశాస్త్రవేత్తగా చేరారు. దక్షిణ భారతంలో లినేయస్ పద్ధతిని పాతుకునేలా చేసింది ఆయనే. 1785లో పర్యటనలో ఉండగా జబ్బుపడి, కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో కన్నుమూశారు. ఆఖరి రోజుల్లో ఆయనకు వైద్యం చేసింది రాక్స్‌బర్గే. తెలుగు ఇళ్లలో పోపు వేసినప్పుడల్లా చిటపటలాడే కరివేపాకు శాస్త్రీయ నామంలో రెండో భాగం ఈ కోనిగ్ పేరే.

కోనిగ్ తరువాత ఆ పదవి విశాఖపట్నంలో ఉండి పాముల మీద విశేష పరిశోధన చేసిన పాట్రిక్ రస్సెల్‌కు దక్కింది. రస్సెల్ 1789లో ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లాక రాక్స్‌బర్గ్ వంతు వచ్చింది.

ఈ మధ్యలోనే ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. 1787 మే నెలలో తుపాను, ఉప్పెన కోరంగి తీరాన్ని ముంచెత్తాయి. వేలాదిమంది ప్రాణాలు పోయిన ఆ విపత్తులో రాక్స్‌బర్గ్ ఏళ్ల తరబడి కూర్చుకున్న మొక్కల నమూనాలు, పుస్తకాలు, రాతప్రతులు కొట్టుకుపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఇప్పుడు మనకు మిగిలిన ఆయన రచనల్లో కోస్తా మొక్కల గురించిన భాగం చాలావరకు ఆ ఉప్పెన తరువాతి పరిశ్రమే.

బొమ్మ వేసినవారు, పేరు చెప్పినవారు

ఎండబెట్టిన మొక్క రంగు కోల్పోతుంది, ఆకారం చెదురుతుంది. అందుకే రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులను నియమించి, పచ్చి మొక్కను ఎదురుగా పెట్టి అసలు పరిమాణంలో బొమ్మలు వేయించారు. పువ్వును విప్పి, కాయను కోసి, గింజను విడిగా చూపే శాస్త్రీయ చిత్రణను వారు నేర్చుకున్నారు. రంగులు నింపడంలో ఉన్న నేర్పు మాత్రం వారి సొంతం. ఆ చిత్రకారుల పేర్లు గ్రంథాల్లో లేవు. పుస్తకం మీద రాక్స్‌బర్గ్ పేరు, ప్రచురణను పర్యవేక్షించిన సర్ జోసెఫ్ బ్యాంక్స్ పేరు ఉన్నాయి. కుంచె పట్టిన చేతులకు ఆ గౌరవం దక్కలేదు.

మొక్కల పేర్లు చెప్పినవారి సంగతీ అంతే. కొండల్లోని గిరిజనులు, మూలికలు అమ్మేవారు, అద్దకం పనివారు, వడ్రంగులు, రైతులు చెప్పిన సమాచారమే ఆయన వర్ణనలకు ఆయువుపట్టు. వారి పేర్లు రాయకపోయినా, వారు పలికిన పేర్లను మాత్రం రాక్స్‌బర్గ్ వదలలేదు. లాటిన్ పేరు రాసిన వెంటనే, తెలుగువారు దీన్ని ఏమంటారో కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవారు. అప్పటి ఐరోపా వాడుక ప్రకారం తెలుగువారిని ఆయన తెలింగులని వ్యవహరించారు. యూరప్ వృక్షశాస్త్రవేత్తల్లో ఎందరో స్థానిక నామాలను అనాగరికమని పక్కన పెట్టిన కాలమది. మళ్లీ ఆ చెట్టును వెతుక్కోవాలంటే ఆ ఊళ్లో పలికే పేరే దిక్కని అడవికి వెళ్లి తెచ్చుకున్న ఈ వైద్యుడికి అనుభవం మీద తెలుసు.

ఆ వర్ణనల్లో ఇప్పటికీ చదవదగ్గ విశేషాలు ఎన్నో ఉన్నాయి. బురద నీటి కుండలో చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చే పద్ధతి ఒకటి. సముద్ర తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుతో బట్టలకు ఎర్ర రంగు ఎక్కించే విధానం మరొకటి. ఐరోపా వర్తకులు ఎగబడి కొన్న కోరమండల్ అద్దకం వస్త్రాల ఎరుపు ఆ వేరుదే. ఇంగ్లిష్‌లో దాన్ని చే రూట్ అన్నారు, అది తమిళ పేరు నుంచి వచ్చిన మాట. పెద్దాపురం, పిఠాపురం ప్రాంతాల చెరకు సాగును ఆయన ప్రత్యేక వ్యాసంగా రాశారు. గడలు పడిపోకుండా ఆకులు చుట్టి, వెదురు కర్రలకు కట్టే పద్ధతి ఆయనను ఆకట్టుకుంది. లక్క పురుగు జీవితంపై ఆయన సామర్లకోటలో చేసిన పరిశీలన 1791లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది.

జ్వరం చెట్టు కోసం

సోమిద కథకు మూలం జ్వరం. చలిజ్వరానికి ఆనాడు నమ్మదగిన మందు ఒక్కటే, అది దక్షిణ అమెరికా అడవుల సింకోనా బెరడు. ఆ అడవులు స్పెయిన్ ఏలుబడిలో ఉండేవి. బెరడు ఖరీదు ఎక్కువ, వచ్చేది తక్కువ, వచ్చినదాంట్లో కల్తీ మరింత ఎక్కువ. తూర్పున ఎక్కడో ఒకచోట దానికి సాటివచ్చే చెట్టు ఉంటుందని కంపెనీ వైద్యులు గాలించని అడవి లేదు. సైన్యాలను గుండ్ల కన్నా జ్వరాలే ఎక్కువగా చంపిన ఆ రోజుల్లో అది కేవలం శాస్త్ర కుతూహలం కాదు.

సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండల్లో ఒక పెద్ద చెట్టును రాక్స్‌బర్గ్ చూశారు. దాని చేవ మసక ఎరుపు రంగులో, చాలా బరువుగా, గట్టిగా ఉంటుంది. తమకు తెలిసిన కలపలన్నిటిలో ఎక్కువ కాలం మన్నేది ఇదేనని స్థానికులు భావించేవారు. అందుకే దేవాలయాల చెక్కపని అంతా దీనితో చేసేవారని ఆయన నమోదు చేశారు. బెరడు లోపల ఎర్రగా ఉండి, నోట్లో పెట్టుకుంటే చేదు, వగరు కలిసి తగులుతాయి. అమెరికా మహాగని చెట్టుతో దీని పూల నిర్మాణం దగ్గరగా ఉన్నందున, మహాగని ప్రజాతి అయిన స్వీటేనియాలోనే దీన్నీ చేర్చారు. ఆ ప్రజాతి పేరు ఆస్ట్రియా రాణి మరియా థెరెసా ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ గౌరవార్థం పెట్టినది. దానికి ఫెబ్రిఫ్యూజా అనే మాట జోడించారు. జ్వరాన్ని పారదోలేది అని దాని అర్థం. ఇలా రాజమండ్రి కొండల చెట్టు కొంతకాలం వియన్నా వైద్యుడి పేరు మోసింది.

రాక్స్‌బర్గ్ బెరడును మద్రాసుకు, ఎడిన్‌బరోకు పంపి పరీక్షించమని కోరారు. ఎడిన్‌బరోలో ఆండ్రూ డంకన్ అనే యువ వైద్యుడు ఈ బెరడు మీదే 1794లో లాటిన్‌లో పరిశోధన గ్రంథం రాసి వైద్య పట్టా అందుకున్నారు. ఆయన చెట్టును స్వీటేనియా సొయ్‌మిడా అని పిలిచారు. రాక్స్‌బర్గ్ రాసుకున్న తెలుగు పేరు అలా మొదటిసారి లాటిన్ నామంలో భాగమైంది. మరుసటి ఏడాది, 1795లో రాక్స్‌బర్గ్ మహా గ్రంథం కోరమండల్ తీరపు మొక్కలు తొలి సంపుటిలో పదిహేడో చిత్రఫలకంగా సోమిద అచ్చయింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో బెరడు ఎడిన్‌బరో అధికారిక ఔషధ గ్రంథంలోనూ చోటు సంపాదించింది.

కానీ సింకోనా స్థానాన్ని సోమిద పొందలేకపోయింది. వైట్‌లా ఎయిన్‌స్లీ వంటి మద్రాసు వైద్యులు దీన్ని బలవర్ధకంగా, కొన్ని జ్వరాల్లో ఉపయుక్తంగా భావించినా, మోతాదు మించితే తల తిరిగి మగత కమ్ముతుందని హెచ్చరించారు. 1820లో ఫ్రాన్స్‌లో సింకోనా నుంచి క్వినైన్‌ను వేరుచేయడంతో అసలు తేడా బయటపడింది. సోమిద బెరడులో ఆ పదార్థం లేదు. 1860లలో నీలగిరులలో సింకోనా తోటలే వెలిశాక సోమిద అవసరం దాదాపు తీరిపోయింది.

మందుగా ఓడిన చెట్టు పేరుగా నిలిచింది. 1830లో పారిస్ శాస్త్రవేత్త అడ్రియన్ ద జుస్సూ వేప కుటుంబపు చెట్లన్నిటినీ పునఃపరిశీలించి, ఇది మహాగని ప్రజాతికి చెందదని తేల్చారు. కొత్త ప్రజాతిని స్థాపించి, దానికి గ్రీకులోనో లాటిన్‌లోనో పేరు వెతకకుండా సొయ్‌మిడా అనే తెలుగు మాటనే ఎంచుకున్నారు. ఆ ప్రజాతిలో ఉన్నది ఒకే ఒక్క జాతి. అందువల్ల ప్రపంచంలో ఎక్కడ ఈ చెట్టు గురించి రాసినా తెలుగు మాటతోనే మొదలుపెట్టాలి.

కరవు నేర్పిన పాఠం

1789 నుంచి 1792 దాకా దక్షిణ భారతాన్ని పీడించిన కరవును రాక్స్‌బర్గ్ సామర్లకోటలో కళ్లారా చూశారు. వరుసగా వానలు తప్పాయి, ఉత్తర సర్కారుల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పటికే ఆయన వద్ద ఏళ్ల తరబడి వాన లెక్కలున్నాయి. ఇలాంటిది ఇంతకు ముందు వచ్చిందా అని ఆరా తీస్తే, పిఠాపురం రాజా తమ పూర్వీకుల కాగితాల్లో సుమారు శతాబ్దం కిందటి మరో దీర్ఘ కరవు వివరాలు ఉన్నట్టు తెలిపారు. కరవులు ఆకస్మిక దైవాగ్రహం కావనీ, వాతావరణంలో ఏదో క్రమం ప్రకారం తిరిగి రావచ్చనీ ఆలోచించిన తొలి పరిశీలకుల్లో రాక్స్‌బర్గ్‌ను నేటి పర్యావరణ చరిత్రకారులు లెక్కిస్తున్నారు.

వరి ఎండిపోయినా చెట్టు నిలబడుతుందన్నది ఆయన గమనించిన విషయం. కాలువ గట్ల మీద, రహదారుల పక్కన కొబ్బరి, తాటి, ఈత, పనస, సగ్గుబియ్యపు చెట్టు వంటివి పెద్ద ఎత్తున నాటించాలని మద్రాసు అధికారులకు రాశారు. భూమి మీద హక్కు నిలకడగా లేని రైతు చెట్టు నాటడన్న సంగతి కూడా ఆయనకు తెలుసు. కంపెనీ ఆ సూచనలను పెద్దగా పట్టించుకోలేదు. బెరడు, మిరియాలు, నీలిమందు గురించిన ఉత్తరాలకు లండన్ నుంచి వచ్చినంత ఉత్సాహం ఈ ఉత్తరాలకు రాలేదు.

కలకత్తా రోజులు

1793లో కలకత్తా వృక్షోద్యాన స్థాపకుడు రాబర్ట్ కిడ్ మరణించడంతో ఆ బాధ్యత రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. సామర్లకోట తోట బెంజమిన్ హెయిన్ చేతికి వెళ్లింది. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్‌లో రాక్స్‌బర్గ్ ఇరవై ఏళ్లు పనిచేశారు. ఆయన వెళ్లినప్పుడు సుమారు 300 జాతులున్న తోట, ఆయన వదిలే నాటికి 3,500 జాతులకు పెరిగింది. చిత్రకారుల బృందం అక్కడ మరింత విస్తరించింది. రాక్స్‌బర్గ్ చిత్రాలుగా పేరొందిన 2,500కు పైగా బొమ్మలు ఇప్పటికీ అక్కడే భద్రంగా ఉన్నాయి.

బెంగాల్‌లోనూ ఆయన స్థానిక పేర్లను వదల్లేదు. జనపనార నమూనాలను కంపెనీకి పంపుతూ స్థానికులు వాడే జ్యూట్ అనే మాటనే రాశారు. ఆ పేరు గోనె సంచుల వ్యాపారంతో ప్రపంచమంతా పాకింది. అదే చేత్తో రాసిన సొయ్‌మిడా నిఘంటువులో ఒక మూల ఉండిపోయింది. సంత ఉన్న మాటకు కాళ్లొస్తాయి కాబోలు.

శ్రీరాంపూర్ మిషనరీ విలియం కేరీ ఆయనకు ఆప్తమిత్రుడు. ఒక చెట్టు ప్రజాతికి రాక్స్‌బర్గ్ ఆయన పేరే పెట్టారు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిని 1813లో రాక్స్‌బర్గ్ భారత్ విడిచివెళ్లాక, తోటలోని మొక్కల జాబితాను 1814లో శ్రీరాంపూర్ ముద్రణాలయంలో అచ్చు వేయించింది కేరీయే. దారిలో సెయింట్ హెలీనా దీవిలో ఆగినప్పుడు కూడా రాక్స్‌బర్గ్ ఊరుకోలేదు, అక్కడి మొక్కల జాబితా తయారుచేశారు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూసి, అక్కడి గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఖననమయ్యారు.

ఆయన జీవితకాలపు కృషి అయిన ఫ్లోరా ఇండికా అప్పటికి రాతప్రతిగానే ఉంది. 1820, 1824లలో కేరీ, నథానియల్ వాలిక్ కలిసి రెండు సంపుటాలు తెచ్చారు గానీ, వాలిక్ చేర్పులతో పని నెమ్మదించి మధ్యలో ఆగింది. చివరకు రాక్స్‌బర్గ్ కుమారుల పూనికతో 1832లో మూడు సంపుటాలు వెలువడ్డాయి. 1874లో సి.బి. క్లార్క్ దాన్ని తక్కువ ధరకు పునర్ముద్రించారు. కోరమండల్ గ్రంథం మూడో సంపుటి కూడా ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1819లో గానీ పూర్తి కాలేదు. ఆయన లండన్‌కు పంపిన సుమారు 500 బొమ్మల నుంచి ఎంపిక చేసిన 300 అందులో ఉన్నాయి.

సామర్లకోటలోని తోట 19వ శతాబ్దంలోనే మరుగునపడింది. సోమిద చెట్లు మాత్రం తూర్పు కనుమల ఎండు అడవుల్లో ఇంకా ఉన్నాయి. వేసవిలో పండే వాటి కాయలు చెక్కలా గట్టిపడి అయిదు పలకలుగా విచ్చుకుంటాయి. లోపలి రెక్కల గింజలు వడగాలికి ఎగిరిపోయాక, ఖాళీ కాయలు చెక్క పువ్వుల్లా చాలాకాలం కొమ్మలనే అంటిపెట్టుకుని ఉంటాయి.